ఇంట్లో పెంచే నారుకు వెలుగు ఎన్ని గంటలు, చీకటి ఎన్ని గంటలు?

మిరప, టమాట, వంకాయ, బంతి నారును ఇంటి లోపల ట్యూబ్‌లైట్ల కింద పెంచుకునేవారు ఏటా మే చివరి వారం వచ్చేసరికి నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: లైటు ఎన్ని గంటలు వేసి ఉంచాలి, రాత్రి ఆర్పాలా వద్దా? ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పడం కంటే అంతా ఒకచోట రాసి పెట్టడం మేలనిపించి ఇది రాస్తున్నాను.

ఎండకు కొదవలేని ఊళ్లో నారును ఇంట్లో ఎందుకు పెంచాలని కొందరికి సందేహం రావచ్చు. హనుమకొండలో గానీ కరీంనగర్‌లో గానీ మిద్దె మీద ట్రేలు పెట్టినవారికి ఆ సందేహం రాదు. కోతులు ఒక్క పూటలో ట్రేలన్నీ బోర్లించి, మొలకలను పీకి, రుచి నచ్చక అక్కడే పారేసి పోతాయి. జూన్ మొదటి వారం వరకు వడగాలి, జులైలో రోజుల తరబడి ముసురు, ఆ పైన ఆకుముడత తెగులును మోసుకొచ్చే తెల్లదోమ, తామర పురుగులు. నాలుగైదు వారాల పాటు నారు ఇంట్లో క్షేమంగా ఉంటే సగం కష్టం తీరినట్టే.

ముందుగా జవాబు: మొలక పైకి వచ్చిన రోజు నుంచి 16 గంటలు వెలుగు, 8 గంటలు చీకటి. కానీ నేను చూసిన నారులో ఎక్కువ భాగం పాడైనది గంటల లెక్క తప్పడం వల్ల కాదు. లైటు ఆలస్యంగా వేయడం, చాలా ఎత్తులో కట్టడం, రోజుకొక వేళలో వేసి ఆర్పడం వల్ల. అందుకే ఈ మూడింటి గురించే కింద ఎక్కువగా రాశాను.

కావలసినవి

• నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న ఒక అర. ఇనుప ర్యాక్ అయినా, పాత పుస్తకాల అలమార అయినా సరిపోతుంది.
• ఆ అరకు 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు రెండు. పెట్టె మీద 6500 కె అని, అంటే కూల్ డే లైట్ అని రాసి ఉన్న తెల్లని వెలుగు ట్యూబులు తీసుకోండి. అర వెడల్పు అడుగున్నర ఉంటే మూడు ట్యూబులు కావాలి.
• ట్యూబులను పైకీ కిందికీ జరపడానికి గొలుసు లేదా గట్టి తాడు.
• టైమర్ ఒకటి.
• ప్రోట్రేలు (నారు పెంచే గుంతల ట్రేలు), కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), బాగా చివికిన వర్మీకంపోస్టు.
• అర పక్కలకు నిలబెట్టడానికి తెల్లని థర్మకోల్ షీట్లు.
• చిన్న టేబుల్ ఫ్యాన్.

గులాబీ, ఊదా రంగు వెలుగునిచ్చే ఖరీదైన గ్రో లైట్లు కూడా పనిచేస్తాయి. నేను మాత్రం వాటిని వద్దంటాను. ఆ వెలుగులో ఆకు అసలు రంగు కనిపించదు, నారు పసుపు తిరుగుతున్నా తెలియదు, పైగా ఆ గదిలో మనిషి అరగంట కూర్చోలేడు. కరెంటు ఖర్చు గురించి భయపడనవసరం లేదు. రెండు ట్యూబులు కలిపి 40 వాట్లు, రోజుకు 16 గంటలు వెలిగితే నెలకు సుమారు 19 యూనిట్లు అవుతుంది.

చేసే విధానం

1. ముందు టైమర్‌ను, ఆ తరువాత విత్తనాన్ని సిద్ధం చేయండి.
విత్తనం నాటడానికి రెండు రోజుల ముందే లైట్లు కట్టి, టైమర్‌ను ఉదయం 5 గంటలకు వెలిగి రాత్రి 9 గంటలకు ఆరేలా పెట్టి, అది చెప్పిన వేళకు పని చేస్తున్నదో లేదో చూసుకోండి. బజారులో దొరికే చవక టైమర్‌కు చుట్టూ చిన్న పిన్నులు ఉంటాయి. ఒక్కో పిన్ను 15 నిమిషాలకు లెక్క. ఇది కరెంటుతో తిరిగే గడియారం కాబట్టి కరెంటు పోయినంతసేపు ఆగిపోతుంది, వచ్చాక ఆగిన చోటు నుంచి తిరుగుతుంది. ఒక ఆషాఢంలో ఈదురుగాలులకు కరెంటు పోతూ వస్తూ ఉండటంతో మా ఇంట్లోని టైమర్ వారం రోజుల్లో నాలుగు గంటలు వెనకబడింది. అర్ధరాత్రి మంచినీళ్లకు లేచి, వంటింటి పక్క గదిలో వెలుగు చూసి, లైటు ఆర్పడం మరిచానని నన్ను నేను తిట్టుకున్నాను. అసలు సంగతి మర్నాడు గానీ బోధపడలేదు. కాబట్టి లోపల చిన్న బ్యాటరీ ఉండి, కరెంటు లేకపోయినా సమయం తప్పని డిజిటల్ టైమర్ కొనడం మంచిది. పిన్నుల టైమరే ఉంటే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ దాని ముల్లును గోడ గడియారంతో సరిచూడండి.

తీగలు, ప్లగ్గులు ట్రేల కంటే ఎత్తులో ఉండాలి. తీగ ప్లగ్గులోకి నేరుగా దిగకుండా, ముందు కొంత కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా కట్టండి. అప్పుడు నీటి చుక్క తీగ వెంట జారినా ప్లగ్గులోకి పోకుండా వంపు దగ్గర కింద పడుతుంది. నీళ్లు పోసే ముందు స్విచ్ ఆపండి.

2. విత్తనం మొలిచేవరకు చీకటి ఉన్నా ఇబ్బంది లేదు.
రెండు పాళ్ల కోకోపీట్, ఒక పాలు వర్మీకంపోస్టు కలిపి ట్రే గుంతలు నింపి, అర సెంటీమీటరు లోతున విత్తనం వేసి, నీళ్లు చల్లి, పైన మూత లేదా తడి గోనెపట్టా కప్పండి. మిరప, టమాట, వంకాయ విత్తనాలు మొలవడానికి వెలుగు అక్కరలేదు, వెచ్చదనం చాలు. టమాట 5 నుంచి 7 రోజుల్లో, బంతి 4 నుంచి 6 రోజుల్లో, మిరప 8 నుంచి 12 రోజుల్లో పైకి వస్తాయి.

అన్నిటికంటే ఎక్కువ నారు చెడిపోయేది ఈ దశలోనే. నాలుగో రోజు నుంచి ఉదయం, సాయంత్రం మూత ఎత్తి చూడండి. మట్టిలోంచి తెల్లని కొక్కెంలా ఒక్క మొలక వంగి కనిపించినా, ఆ పూటే మూత తీసేసి ట్రేను లైటు కిందికి మార్చాలి. మిగతావి కూడా రానీ అని ఒక్క రోజు ఆగితే, ముందు వచ్చిన మొలకలు చీకట్లో వెలుగును వెతుక్కుంటూ దారంలా సాగిపోతాయి, అలా సాగిన కాడ మళ్లీ పొట్టిపడదు. వరంగల్ ఏనుమాముల మార్కెట్ నుంచి తెచ్చిన ఎండు మిరపకాయల గింజలు వేసేవారికి ఈ చిక్కు మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ గింజలు ఒక్కసారిగా మొలవవు. మొదటి మొలకకూ చివరి మొలకకూ మధ్య వారం రోజుల తేడా కూడా ఉంటుంది. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత వరంగల్ చపాట మిరప గింజలను ఇంట్లో వేసి చూడాలని ముచ్చటపడేవారు ఎక్కువయ్యారు. అటువంటి గింజలను గుంతల ట్రేలో కాకుండా ముందుగా తడి గుడ్డలో మూటకట్టి, మొన వచ్చిన వాటిని వచ్చినట్టు ట్రేలోకి మార్చుకుంటే, ఒకే ఈడు మొలకలు ఒక ట్రేలో ఉంటాయి.

3. లైటును నారుకు దగ్గరగా దించండి.
గది పైకప్పు దగ్గర వెలిగే ట్యూబ్‌లైటు మన కంటికి ఎంతో వెలుగుగా తోస్తుంది గానీ, గది మధ్యలో కొలిస్తే 100 నుంచి 300 లక్స్ (వెలుగు తీవ్రతకు కొలమానం) మాత్రమే ఉంటుంది. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ ఉంటుంది. నారుకు ఆకుల దగ్గర కనీసం 8,000 లక్స్, రెండు వారాలు దాటాక 12,000 నుంచి 15,000 లక్స్ కావాలి. పైకప్పు లైటును 24 గంటలు వేసి ఉంచినా ఈ లోటు తీరదు.

పైన చెప్పిన 20 వాట్ల ట్యూబులను ఆకు కొనలకు 4 నుంచి 6 అంగుళాల ఎత్తున కట్టండి. మొక్క పెరిగే కొద్దీ ట్యూబును పైకి లాగుతూ ఆ దూరాన్ని నిలపండి. ఫోనులో లక్స్ కొలిచే యాప్ వేసుకుని, ఫోను ముఖాన్ని లైటు వైపు పెట్టి ఆకుల ఎత్తులో చూడవచ్చు. ఆ అంకె కచ్చితంగా ఉండదు, అయినా ట్రే నడుమకూ అంచుకూ ఎంత తేడా ఉందో తెలుసుకోవడానికి అది చాలు. ట్యూబు రెండు చివర్లలో వెలుగు తక్కువ పడుతుంది కాబట్టి రెండు రోజులకొకసారి ట్రేల చోటు మార్చండి. పక్కలకు థర్మకోల్ షీట్లు నిలబెడితే బయటికి పోయే వెలుగు తిరిగి ఆకుల మీద పడుతుంది.

వేడి సంగతి చేతితో తెలుసుకోవచ్చు. ఆకుల ఎత్తులో అరచేతి వెనుక భాగాన్ని ఒక నిమిషం ఉంచండి. వెచ్చగా తోస్తే పర్వాలేదు, చురుక్కుమంటే ట్యూబును రెండు అంగుళాలు పైకి లేపండి.

4. పదహారు గంటల వెలుగును ఏ వేళలో ఇవ్వాలో కాలాన్ని బట్టి ఎంచుకోండి.
చలికాలంలో, వానాకాలంలో ఉదయం 5 నుంచి రాత్రి 9 వరకు చక్కగా కుదురుతుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలి బాగా పడే రోజుల్లో లైటును తెల్లవారుజామున 3 గంటలకే వెలిగించి రాత్రి 7 గంటలకు ఆర్పితే, చలి ఎక్కువగా ఉండే వేళలో ట్యూబుల వెచ్చదనం కొంత ఆదుకుంటుంది.

మే నెలాఖరులో, జూన్ మొదట్లో మాత్రం దీన్ని తిరగేయాలి. సాయంత్రం 6 గంటలకు వెలిగించి, రాత్రంతా ఉంచి, ఉదయం 10 గంటలకు ఆర్పండి. ట్యూబుల వేడి మధ్యాహ్నపు వేడికి తోడు కాదు, పగటి కరెంటు కోతల గొడవ కూడా తగ్గుతుంది. అయితే పగలు 10 నుంచి 6 వరకు ఆ గది కిటికీకి మందపాటి పరదా వేయడం మరవకండి. లేకపోతే రాత్రి ట్యూబు వెలుగు, పగలు కిటికీ వెలుగు కలిసి నారుకు చీకటే లేకుండా పోతుంది. పరదాను కిటికీకే వేయండి, ట్రేల మీద దుప్పటి కప్పవద్దు. గాలి ఆడక, తేమ నిలిచి, నారుకుళ్లు వస్తుంది. అంత మందపాటి పరదా లేనివారు ఉదయం వేళలకే కట్టుబడి, మధ్యాహ్నం ఫ్యాను పెట్టుకోవడమే సులభం.

ఏ వేళ ఎంచుకున్నా నారు ఇంట్లో ఉన్నన్నాళ్లూ దాన్నే కొనసాగించండి.

5. చీకటిని చీకటిగానే ఉండనివ్వండి.
వెలుగు ఎంత ఎక్కువిస్తే అంత త్వరగా పెరుగుతుందని కొందరు 24 గంటలూ లైటు వేస్తారు. టమాట నారు దీన్ని అసలు ఓర్చుకోదు. వారం పది రోజుల్లో ఆకుల మీద ఈనెల మధ్య పసుపు మచ్చలు పడి, ఆకు పెళుసుగా మారుతుంది. చాలామంది దీన్ని ఎరువు లోపమనుకుని యూరియా నీళ్లు పోస్తారు, నారు మరింత పాడవుతుంది. ఇటువంటి నారుకు మందు రోజుకు 8 గంటల చీకటి మాత్రమే. మచ్చపడిన ఆకులు బాగుపడవు గానీ కొత్త ఆకులు పచ్చగా వస్తాయి.

మిరప, టమాట పూతకు రాత్రి నిడివితో పెద్దగా సంబంధం లేదు. కాబట్టి వాటి గదిలో రాత్రి ఎవరైనా ఒక నిమిషం లైటు వేసినా, వైఫై పెట్టె దీపం మినుకుమన్నా కంగారు పడనక్కరలేదు. బంతి, చామంతి సంగతి వేరు; అది ఏడో అంశంలో ఉంది.

6. కరెంటు పోయిన గంటలను తిరిగి తీర్చే ప్రయత్నం చేయవద్దు.
మూడు నాలుగు గంటలు కరెంటు లేకపోతే నారుకు ఏమీ కాదు. ఆ లోటు తీర్చడానికి రాత్రంతా లైటు వేయడం వల్లే నష్టం. రోజంతా కరెంటు లేకపోతే ట్రేలను కిటికీ పక్కన గానీ, కోతులకు అందని జాలీ వరండాలో నీడపట్టున గానీ ఉంచి, రాత్రికి లోపల పెట్టండి. రెండు ట్యూబులను ఇన్వర్టర్ మీద నడపవచ్చు, అది పెద్ద భారం కాదు. ఇంట్లో ఫ్యాను లేక పిల్లలు అల్లాడుతుంటే మిరప నారుకు దీపం పెట్టడం గురించి ఇంట్లోవాళ్లతో మీరే మాట్లాడుకోండి.

7. బంతికీ చామంతికీ వేరే లెక్క వేసుకోండి.
ఈ రెండూ రాత్రి పొడవు పెరిగినప్పుడు పూతకు వచ్చే మొక్కలు. చామంతికి ఈ గుణం గట్టిగా ఉంటుంది, బంతికి కొంత తక్కువ. మన పొలం గట్ల మీది గునుగు కూడా ఈ కోవలోదే. పగలు కురచబడుతున్న భాద్రపదంలోనే అది విరగబూసి బతుకమ్మకు అందివస్తుంది.

వరంగల్‌లో ఏడాదిలోకెల్లా పొడవైన పగలు కూడా సుమారు 13 గంటలే, డిసెంబరులో అది సుమారు 11 గంటలకు తగ్గుతుంది. అంటే చామంతి పిలకలను ఇక్కడి మామూలు పగటి వెలుగులో వదిలేస్తే, మొక్క ఎదగకుండానే మొగ్గ తొడుగుతుంది. కాబట్టి పిలకలు వేళ్లు తొడిగి గుబురుగా ఎదిగేవరకు 16 గంటల వెలుగు తప్పకుండా ఇవ్వండి. పాలీహౌస్‌లలో చామంతి పెంచేవారు రాత్రి 10 నుంచి 2 వరకు బల్బులు వెలిగించి రాత్రిని రెండు ముక్కలు చేస్తారు. మిద్దె మీద కుండీలు ఉన్నవారికి అదొక ప్రత్యామ్నాయం. మొక్క చాలినంత ఎదిగాక లైటు మానేసి బయట పెడితే, రకాన్ని బట్టి 7 నుంచి 12 వారాల్లో పూలు విచ్చుకుంటాయి. ఆ దశలో రాత్రి చీకటి తెగకూడదు. "మా చామంతి ఏపుగా ఉంది గానీ పూయడం లేదు" అని చెప్పేవారి ఇంటికి వెళ్లి చూస్తే, పదింట ఆరుచోట్ల కుండీ గేటు లైటు కిందో, వీధి దీపం ఎదురుగానో ఉంటుంది. కుండీని ఇంటి వెనక్కి మార్చండి, అంతకుమించి చేయవలసినది లేదు.

బంతిని బతుకమ్మ కోసం వేసేవారు జులై మొదటి పక్షంలో విత్తనం వేసి, 16 గంటల వెలుగులో 20 నుంచి 25 రోజులు పెంచి, ఆ తరువాత బయట నాటుకోవాలి. 12 గంటల వెలుగే ఇస్తే నారు ట్రేలో ఉండగానే నాలుగాకులకు మొగ్గ వేస్తుంది. అలా జరిగితే మొగ్గను గిల్లేసి వెలుగు గంటలు పెంచండి.

8. నాటడానికి వారం, పది రోజుల ముందు నుంచి ఎండకు అలవాటు చేయండి.
టమాట నారు 25 నుంచి 30 రోజులకు, మిరప నారు 35 నుంచి 40 రోజులకు నాటడానికి వస్తుంది. దానికి వారం ముందు లైటును 14 గంటలకు తగ్గించి, నీళ్లు కూడా కొంచెం తగ్గించండి. మొదటి రోజు ఉదయం ఎండలో ఒక గంట, రెండో రోజు రెండు గంటలు, ఇలా పెంచుతూ వెళ్లండి. ఇంట్లో 12,000 లక్స్ చూసిన ఆకును మొదటి రోజే మధ్యాహ్నపు ఎండలో పెడితే సాయంత్రానికి కాగితంలా తెల్లబడుతుంది. ముసురు పట్టిన రోజుల్లో ఈ అలవాటు త్వరగా పూర్తవుతుంది, కాని ముసురు విడిచిన మొదటి రోజు ఎండ చాలా తీవ్రంగా ఉంటుంది. ఆ ఒక్క రోజు మధ్యాహ్నం నారును నీడకు చేర్చండి. ట్రే దగ్గర కాపలా ఎవరో ఒకరు ఉండాలని కోతుల ఊరివారికి నేను చెప్పనక్కరలేదు.

తరచుగా జరిగే పొరపాట్లు

నారు సన్నగా సాగితే గంటలు పెంచడం మొదటి పొరపాటు. అప్పటికే 16 గంటలు ఇస్తూ ఉంటే లోపం దూరంలో ఉంటుంది గానీ గంటలలో ఉండదు, ట్యూబును దించండి. సాగిన టమాట నారును మరో లోతైన కప్పులోకి మార్చి, మొదటి జత ఆకుల దాకా మట్టిలో పాతితే కాడ పొడవునా వేళ్లు వస్తాయి. మిరపకు ఈ ఉపాయం అంతగా కలిసిరాదు, అది మరీ సాగితే మళ్లీ విత్తనం వేయడమే నయం.

కిటికీ వెలుగును నమ్ముకుని ట్యూబును ఒక్కటే పెట్టడం మరొకటి. కిటికీ వెలుగు ఒక పక్క నుంచే వస్తుంది కాబట్టి నారు అటే వాలుతుంది, రోజూ ట్రేను తిప్పినా కాడ వంకరలు పోతుంది.

చీకటి వేళకు ముందు, అంటే రాత్రి పడుకోబోయే ముందు నీళ్లు పోయడం చాలామందికి అలవాటు. రాత్రంతా తడిసిన మట్టిలో నారుకుళ్లు శిలీంధ్రం చెలరేగి, తెల్లవారేసరికి మొలకలు మొదలు దగ్గర నొక్కినట్టయి పడిపోతాయి. లైటు వెలిగిన గంటలోపు నీళ్లు పోయండి, ట్రే అడుగున పళ్లెంలో పోసి పీల్చుకోనిస్తే మరీ మంచిది. చిన్న ఫ్యానును నారు సన్నగా కదిలేంత వేగంతో రోజుకు రెండు మూడు గంటలు తిప్పితే పైమట్టి ఆరడమే కాక కాడ కూడా గట్టిపడుతుంది.

సరిగా ఉందో లేదో చూసుకునే పద్ధతి

మొలిచిన ఐదో రోజున స్కేలు పెట్టి మట్టి నుంచి మొదటి జత ఆకుల వరకు కాడ పొడవు కొలవండి. టమాటకు 3 సెంటీమీటర్ల లోపు, మిరపకు 2.5 సెంటీమీటర్ల లోపు ఉంటే వెలుగు చాలుతున్నట్టే. అంతకంటే పొడవుంటే ఆ రోజే ట్యూబును దించండి, పదో రోజు దాకా చూద్దామనుకోవద్దు.

ఆకు అంచులు పైకి ముడుచుకుని, నడినెత్తిన ఉన్న ఆకులు పాలిపోతుంటే లైటు మరీ దగ్గరగా ఉంది. పై ఆకులు బాగుండి కింది ఆకులు మాత్రమే పసుపైతే అది వెలుగు దోషం కాదు, పోషకాల లోటు. పలచని వర్మీకంపోస్టు నీళ్లు వారానికొకసారి పోయండి. ముడత పడిన ఆకు కనిపిస్తే లైటును అనుమానించే ముందు ఆకును తిప్పి అడుగున తామర పురుగులు ఉన్నాయేమో చూడండి, ఇంటి లోపల కూడా అవి దూరుతాయి.

చీకటిని కూడా సరిచూడాలి. టైమర్ లైటు ఆర్పిన తరువాత ఆ గదిలో ఐదు నిమిషాలు కూర్చోండి. కళ్లు అలవాటు పడ్డాక దినపత్రికలోని పెద్ద అక్షరాలు చదవగలిగితే ఆ చీకటి మిరపకు, టమాటకు చాలు గానీ పూతకు వదిలిన చామంతికి చాలదు.

నాటే రోజున ఒక గుంతలోంచి నారును మట్టితో సహా పైకి తీసి చూడండి. మట్టిగడ్డ విడిపోకుండా చుట్టూ తెల్లని వేళ్లు అల్లుకుని ఉంటే సాయంత్రం నాలుగు దాటాక నాటుకోవచ్చు. మట్టి రాలిపోతే మరో మూడు నాలుగు రోజులు లైటు కిందనే ఉంచండి. వేళ్లు గోధుమ రంగు తిరిగి గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే ఆలస్యమైనట్టు లెక్క. అడుగు వేళ్లను వేలితో కొద్దిగా విడదీసి, ఆ సాయంత్రమే నాటి నీళ్లు పోయండి.